ఎడమకాలి బండి

మా సొలొమోను బాబాయ్ పన్నెండేళ్ళు సినిమా రీళ్ళు మోశాడు. ఒక్క సినిమా కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. కూర్చుని చూసే వీలున్న పని కాదు అది.

జక్కయ్య గారికి రెండు డేరా హాళ్ళు ఉండేవి. ఒకటి హనుమాన్ జంక్షన్‌లో హైవే పక్క పల్లంలో. రెండోది గుడివాడ రోడ్డులో, పుట్టగుంట దగ్గర కాలవ గట్టు కింద. బెజవాడ గాంధీనగరం నుంచి ఆయన అద్దెకు తెచ్చే సినిమా మాత్రం ఒక్కటే. జంక్షన్‌లో ఇంటర్వెల్ గంట కొట్టగానే మొదటి సగం రీళ్ళు ఇనప పెట్టెలో పడేవి. ఆ పెట్టెను మోటారు సైకిలు వెనక తాళ్ళతో బిగించి బాబాయ్ పుట్టగుంట తీసుకుపోతే అక్కడ ఆట మొదలయ్యేది. వెంటనే వెనక్కొచ్చి రెండో సగం పట్టుకుని మళ్ళీ పోవాలి. దారిలో టైరుకి మేకు దిగిందంటే పుట్టగుంట తెర మీద కథ పెళ్ళి పీటల మీదే ఆగిపోతుంది. జనం ఊరుకోరు. బెంచీలు విరుగుతాయి.

ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయాక, ఆడవాళ్ళ టిక్కెట్ల గదిలో నాకు పని ఇప్పించింది బాబాయే. గదంటే నాలుగు రేకులు, చెయ్యి పట్టేంత కిటికీ. అందులోంచి హాలు ముందరి ఖాళీ స్థలం, అక్కణ్ణుంచి హైవే మీదికి ఎక్కే మట్టి వాలు, వాలు పక్కన టీ కొట్టు కనిపించేవి. టిక్కెట్లు ఇవ్వడం అయిపోయినా నేను అక్కడే కూర్చునేదాన్ని. బాబాయ్ భార్య శౌరమ్మ పిన్ని ఇంటర్వెల్లో ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మేది. ఆమె బుట్ట ఖాళీ అయ్యాక ఇద్దరం కలిసి ఇంటికి పోయేవాళ్ళం.

హాలు తరఫున బాబాయ్ నడిపే బండి జావా. ముదురెరుపు రంగు, అటొకటి ఇటొకటి పొగ గొట్టాలు. దాని కిక్కు రాడ్డు ఎడమ పక్కన ఉంటుంది. ఒక్క తన్నుకి లేచేది. బండి లేచాక ఆ రాడ్డునే ముందుకు తిప్పితే గేరు రాడ్డయ్యేది. బాబాయ్ ఎడమకాలు ఆ రాడ్డు మీద అలవాటుగా, చెప్పు వేసుకున్నంత తేలిగ్గా ఆడేది.

టీ కొట్టు దగ్గర బుల్లెట్టు వాళ్ళు వేరు, జావా వాళ్ళు వేరు. బుల్లెట్టు వాళ్ళకి నాయకుడు పోలరాజు. కొల్లేరు చేపల బుట్టలు కైకలూరు నుంచి తెచ్చి జంక్షన్‌లో లారీలకెక్కించేవాడు. ఆయన బండి చప్పుడు మాకు మలుపు అవతల నుంచే వినపడేది.

"ఏం సొలొమోనన్నా, ఆ కుట్టుమిషను ఇంకా అమ్మలా?" అనేవాడు దిగుతూనే.

"ముందు నీ పిండిమర ఆపవయ్యా, మాట వినపడి చావట్లా."

"దానికి రెండు గొట్టాలెందుకంట? ఒక ముక్కుతో ఊపిరాడదా?"

"నీదానికి ఉన్నది ఒకటే. జలుబు చేసిందంటే మంచం ఎక్కుద్ది."

"పెట్రోల్లో నూనె పోస్తావు. అది బండా, ఆవకాయ జాడీయా?"

టీ కొట్టు మొత్తం నవ్వేది. లారీ డ్రైవర్లు ఎక్కువమంది బుల్లెట్టు వైపు. మద్రాసు బండి, బరువున్న బండి, గాలిదుమారంలో కూడా రోడ్డు వదలదు, పోలీసులు నడిపేదీ అదే అనేవారు. మెకానిక్కు షెడ్డు వాళ్ళు జావా వైపు. మైసూరు బండి, వేలితో తోస్తే లేచిద్ది, విప్పితే నాలుగు ముక్కలు, మళ్ళీ బిగిస్తే బండి అనేవారు. బాబాయ్ ఎంత వాదించినా జావా తనకెందుకు ఇష్టమో అసలు కారణం చెప్పలేదు. అది నాకూ పిన్నికీ మాత్రమే తెలుసు.

ఒక వానాకాలం కాలవ మలుపులో బండి జారినప్పుడు రీళ్ళ పెట్టె వచ్చి ఆయన కుడి మోకాలి మీద పడింది. పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. కట్టు విప్పాక బాగయిందని అందరికీ చెప్పాడు. కానీ చర్చి పూజలో అందరూ మోకరించే వేళకి ఆయన వెనక స్తంభం చాటుకి పోయి నిలబడేవాడు. ఇంట్లో పీట మీద కూర్చునేటప్పుడు గోడ పట్టుకునేవాడు. జావా బ్రేకు తొక్కడానికి ఆ కాలు సరిపోయేది. అంతకు మించి దానితో పని లేదు.

పోలరాజు చేపలన్నీ లారీలోనే తెప్పించుకోవడం మొదలుపెట్టాక బుల్లెట్టు అమ్ముతానన్నాడు. జక్కయ్య గారికి ఆ బండి మీద ఎప్పటినుంచో కన్ను. జావా ఇచ్చి, పైన కొంత కట్టి, బుల్లెట్టు తెచ్చి హాలు ముందు నిలబెట్టించారు. దానికి పసుపు పూసి, నిమ్మకాయ కట్టారు.

"సొలొమోనూ, ఇవాళ్టి నించి నీకు రాజయోగం," అన్నారు.

బాబాయ్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. కిక్కు రాడ్డు కుడి పక్కన ఉంది. గేరు రాడ్డూ కుడి పక్కనే.

"జావాకేమయిందండీ? బానే ఉంది గదండీ."

"బానే ఉందిలేవయ్యా. పెట్టె బరువు పెరగలా? ఒక్కో సినిమాకి ఇంకో రెండు పాటలు పెడతన్నారు. మోసేది నువ్వేగా?" జక్కయ్య గారు నవ్వి, మళ్ళీ బాబాయ్ ముఖం చూశారు. "నడపలేనంటే మొహమాటపడకు. పోలరాజు తమ్ముడు ఖాళీగానే ఉన్నాడు."

"నడుపుతానండి."

పోలరాజు ఎలా లేపాలో చూపించాడు. చిన్న మీట నొక్కి, హెడ్లైటు మీద ఉన్న సూదిని మధ్యకి తెచ్చి, కుడికాలు పెట్టి ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాడు. "సూది కుదరకుండా తన్నావో, అది తిరిగి తన్నుద్ది. కాలు జాగర్త," అన్నాడు. అంత బాగా చెప్పినవాడు, జావా ఎక్కబోతూ బాబాయ్ చెప్పింది మాత్రం వినలేదు.

"పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయిలు కలపాలి తమ్ముడూ. మర్చిపోకు."

"బండ్లు నడపటం నాకు నేర్పుతావా అన్నా?" అని వెళ్ళిపోయాడు.

మొదటి రోజుల్లో బాబాయ్‌కి రెండు కాళ్ళూ తారుమారయ్యాయి. బ్రేకని కుడికాలు నొక్కితే గేరు మారేది. పెరికీడు దగ్గర ఒక మేకల మందలోకి పోయి, మేకలన్నీ తప్పుకున్నాక ఆగాడట. "వాటికున్న బుద్ధి నా కాలికి లేదు," అన్నాడు ఇంటికొచ్చి. పిన్ని నవ్వలేదు. ఆముదం వెచ్చబెట్టి మోకాలికి రాసింది.

వారం తిరిగేసరికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బుల్లెట్టును హాలు దగ్గరికి తెచ్చేవాడు కాదు. మట్టి వాలు మీద, ముందు చక్రం పల్లం వైపు ఉండేట్టు, వెనక చక్రానికి ఇటుకరాయి అడ్డం పెట్టి ఆపేవాడు. ఇంటర్వెల్ కాగానే పెట్టెను భుజాన వేసుకుని వాలెక్కి బండికి కట్టేవాడు. ఇటుక తన్నేసి, క్లచ్చి పట్టుకుని కిందికి దొర్లి, సగం వాలులో వదిలేవాడు. బండి ఒక్క దగ్గు దగ్గి అందుకునేది. హాలు ముందు ఒక చుట్టు తిరిగి హైవే ఎక్కేవాడు. పుట్టగుంటలో కాలవ గట్టు ఉంది కాబట్టి అక్కడా ఇదే పద్ధతి.

"హాలు ముందు బురదండీ, కొత్త బండి పాడయిద్ది," అని జక్కయ్య గారికి చెప్పాడు. ఆయన సంతోషించారు. నేను మాత్రం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బండిని పెట్టె దగ్గరికి తెచ్చుకోకుండా, అంత బరువు పెట్టెను చెడ్డ కాలితో బండి దగ్గరికి మోసే మనిషి బురద గురించి ఆలోచిస్తున్నాడంటే నేనెలా నమ్ముతాను? పెట్టె మోయడం ఆయనకి కష్టమే. కానీ కిక్కు కొట్టడం అసలు చేతకాదు.

రాను రాను ఆయన మాట తగ్గింది. టీ కొట్టు దగ్గర ఆగడం మానేశాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని కలపడం మర్చిపోయేవాడు.

"చెప్పెయ్యరాదూ?" అంది పిన్ని ఒకరోజు.

"చెబితే పోలరాజు తమ్ముడొస్తాడు. మనం ఏం చేద్దాం, శనక్కాయలు తిందామా?"

ఆ శనివారం కొత్త సినిమా. హాలు నిండిపోయింది. ఇంటర్వెల్‌కి కాస్త ముందు కైకలూరు బస్సులోంచి పోలరాజు దిగాడు. బండి లేకుండా ఆయన్ని చూడటం నాకు అదే మొదలు. టీ కొట్టు వాళ్ళు అడిగారు.

"జావా ఏదయ్యా?"

"ఇంజను బిగుసుకుపోయింది. నడి రోడ్డు మీద కట్టెలాగా నిలబడిపోయింది."

"నూనె పోశావా?"

పోలరాజు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. "ఆవకాయకి నూనె తగ్గితే బూజు పడుద్దని మీ ఆవిడ చెప్పలేదా?" అన్నారెవరో. ఆయన అక్కడ నిలబడలేక ఇటు తిరిగాడు. వాలు మీద తన పాత బుల్లెట్టు కనిపించింది. దగ్గరికి పోయి సీటు మీద చెయ్యి వేశాడు. మట్టి కొట్టుకుపోయి, ఏటవాలుగా, ఇటుకరాయి అడ్డంతో దాన్ని అలా చూసి ఆయనకి ప్రాణం ఉసూరుమన్నట్టుంది. ఇటుక తీసేసి, మెల్లగా కిందికి దొర్లించుకొచ్చి, సరిగ్గా నా కిటికీ ఎదురుగా చదునులో స్టాండు వేశాడు. భుజం మీది తువ్వాలు తీసి ట్యాంకు తుడవడం మొదలుపెట్టాడు. పిన్నికి చెబుదామని నేను లేచేలోపే గంట కొట్టారు.

జనంతోపాటు బాబాయ్ పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. వాలు వైపు చూశాడు. ఖాళీ.

"ఏంటన్నా, రాజా లాంటి బండిని గేదెను కట్టేసినట్టు గట్టు మీద పడేస్తావు?" అన్నాడు పోలరాజు. "తుడిచి పెట్టా. ఎక్కు, పో."

బాబాయ్ పెట్టె కట్టాడు. ఎప్పటికన్నా నిదానంగా కట్టాడు. సూది చూసుకుని, కుడికాలు రాడ్డు మీద పెట్టి తన్నాడు. రాడ్డు సగందాకా దిగి ఆగింది. మళ్ళీ తన్నాడు. సోడా తాగేవాళ్ళు చుట్టూ చేరారు.

"సూది చూసుకో అన్నా!"

"పెట్రోలుందా?"

"జావా అయితే ఈపాటికి పుట్టగుంటలో ఉండేవాడు!"

ఇంకోసారి తన్నినప్పుడు రాడ్డు ఎగిరి తిరిగి తన్నింది. బాబాయ్ బండి మీద నుంచి ఒరిగి, హాండిలు పట్టుకుని, కుడికాలు గాల్లో ఎత్తి నిలబడ్డాడు. పిన్ని బుట్ట అక్కడే వదిలేసి వచ్చింది. జక్కయ్య గారు గేటు దగ్గర నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చారు.

"ఏమయింది కాలికి?"

"ఏం లేదండి. జారింది."

"జారిందేంటి, రంగు మారిపోతంటే? పుట్టగుంటలో ఆట ఎట్లా?"

"నేను లేపుతా ఉండు," అని పోలరాజు ఎక్కి తన్నాడు. పదేపదే తన్నడంతో అప్పటికే పెట్రోలు ఎక్కువై బండి మొరాయించింది. ఎంత తన్నినా లేవలేదు.

నేను గది తలుపు తీసుకుని బయటికి వచ్చాను. అంతమంది మధ్య నేనెప్పుడూ మాట్లాడి ఎరగను. "పైకి తోస్తే లేస్తది," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ చెప్పాను. "వాలు మీదికి తోసి వదలండి. రోజూ బాబాయ్ అట్లాగే లేపుతాడు."

ఆ చివరి మాట అనక్కర్లేదు. కానీ అనకపోతే ఎవరు నమ్ముతారు? జక్కయ్య గారు నా వైపు చూసి, వాలు వైపు చూసి, పక్కన పడి ఉన్న ఇటుకరాయి వైపు చూశారు. ఆయనకి అర్థమైంది.

నలుగురు కలిసి బండిని పైకి తోశారు. ఆడవాళ్ళు కూడా ఇద్దరు చెయ్యి వేశారు. బాబాయ్ ఎక్కబోతే జక్కయ్య గారు భుజం పట్టుకున్నారు. "నువ్వు ఆగు సొలొమోనూ," అన్నారు. కోపంగా అనలేదు. పోలరాజు ఎక్కి దొర్లించాడు. బండి దగ్గి అందుకుంది. పెట్టె వెళ్ళిపోయింది. రెండో సగమూ ఆయనే తీసుకుపోయాడు.

ఆ రాత్రి రిక్షాలో ఇంటికి పోతూ బాబాయ్ నాతో ఒకే ఒక్క మాటన్నాడు. "ఆట ఆగలేదు గదా అమ్మాయ్. చాలు."

పోలరాజు తమ్ముడు పనిలో చేరాడు. బాబాయ్‌ని జక్కయ్య గారు పొమ్మనలేదు. గేటు దగ్గర స్టూలు వేయించి టిక్కెట్లు చింపే పని ఇచ్చారు. జీతం తగ్గింది. పిన్ని శనక్కాయలతోపాటు బజ్జీలు కూడా మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి పోలరాజు ఎడ్లబండి మీద జావాను తెచ్చి మా దొడ్లో దించాడు. "ఆ శనివారం నేను ముట్టుకోకపోతే బాగుండేది. నీ చేతిలో అయితే ఇది బతుకుద్దేమో చూడన్నా," అన్నాడు తల వంచుకుని. పట్టు వదులుతుందేమోనని బాబాయ్ దాని ఇంజనులో కిరసనాయిలు పోసి ఉంచాడు. ఆదివారం పూజ నుంచి వచ్చాక పోయి, ఎడమకాలితో రాడ్డును ఒకసారి నొక్కి చూస్తాడు. కదలదు. పిన్ని దాని మీద తడిబట్టలు ఆరేస్తుంది.

ఇప్పుడు ఆయన సినిమాలు మొదటినుంచి చూడొచ్చు. ఆట మొదలయ్యాక లోపలికి వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంటాడు. రెండో పాట రాకముందే నిద్రపోతాడు. ఇంటర్వెల్ గంటకి మాత్రం ఉలిక్కిపడి లేచి, పెట్టె ఉండే మూలకి నడుస్తాడు. సగం దూరం పోయాక గుర్తొచ్చి ఆగుతాడు.

టీ కొట్టు దగ్గర వాదన ఇంకా తెగలేదు. మొన్న ఎవరో లారీ డ్రైవరు కొత్తగా వచ్చి, "రెండూ నడిపినోడివి గదా పెద్దాయనా, ఏది మంచిదో చెప్పు," అని అడిగాడు.

"కుడికాలు బాగుంటే బుల్లెట్టు," అన్నాడు బాబాయ్. "ఎడమకాలొక్కటే మిగిలితే జావా."

"రెండూ అలిసిపోతే?"

బాబాయ్ తన గేటు వైపు చూపించాడు. "స్టూలు."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. మొదటి గంట కొట్టారు. టీ గ్లాసు అక్కడ పెట్టి, మట్టి వాలు మీద కుడికాలు ఈడ్చుకుంటూ మెల్లగా కిందికి దిగాడు.