గంజి తాగినంక

తబిత కాగితపు పట్టీని సీసా పక్కన నిలబెట్టి, మందు ఎంత ఎత్తుందో అక్కడ గోటితో నొక్కింది. గోటి గుర్తు దగ్గర కత్తిరించి, పట్టీని సగానికి మడిచి, ఆ సగాన్ని మూడు మడతలు చేసింది. విప్పితే ఐదు గీతలు తేలాయి. ఒక్కో గీత దగ్గర కత్తెర మొనతో ఒక గాటు పెట్టింది. ఐదు గాట్లు, ఆరు మోతాదులు. మైదా జిగురు రాసి పట్టీని సీసాకు అంటించి, బొటనవేలితో పైనుంచి కిందికి ఒక్క ఊపున రుద్దింది. గాలి బుడగ ఒక్కటి మిగల్లేదు.

"ఇంకా పది సీసాలుండాయి. రవ్వంత చెయ్యి ఆడించు తబితమ్మా. బండి కట్టినారు," అన్నాడు కంపౌండరు చిన్నప్ప, క్వినైను మందు గరాటులో పోస్తూ.

"చెయ్యి ఆడుతనే ఉన్నదన్నా. నోరు సుత ఆడితే గాటు వంకర పోతది."

అది పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదో సంవత్సరం వానకాలం. పంజాగుట్ట రాళ్ల కింద రెండు గదుల మిషన్ దవాఖాన ఉండేది. తబిత అందులోకి సీసాలు కడిగే మనిషిగా వచ్చి ఆరేళ్లయింది. అమీర్‌పేటలో చెప్పులు కుట్టే దయానందం కూతురామె. తండ్రి దగ్గర తోలు కోయడం చూసి చూసి చేతికి కొలత పట్టుబడింది. సీసాలు కడుగుతూనే పట్టీలు కోయడం నేర్చింది. బైబిలు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది. చిన్నప్పది బళ్లారి దిక్కు. ఆయన మాట పల్లె జనానికి సరిగా అందదని, కిటికీ దగ్గర నిలబడి మందు ఎలా వాడాలో గట్టిగా చెప్పే పని కూడా ఆమెకే వచ్చింది. "అన్నం తిన్నంక తాగున్రి. దినానికి మూడుసార్లు. సారికి ఒక గాటు." ఆరేళ్లుగా అవే మాటలు.

ఆరు నెలలుగా మంగళవారం మంగళవారం డాక్టరమ్మ జీవమణి ఎడ్లబండిలో బోరబండకు వెళ్లేది. యూసుఫ్‌గూడ దాటాక దారి ఉండేది కాదు, రాళ్లే. వానలు పడ్డాక ఆ పల్లెలో రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెల్లో చలిజ్వరం లేని ఇల్లు లేదు. డాక్టరమ్మ వెంట తబిత కూడా వెళ్లి, బండి వెనక నుంచి సీసాలు అందిస్తూ ఆ మాటలే చెప్పేది.

ఆ మంగళవారం సాయంత్రం బండి తిరిగొచ్చాక డాక్టరమ్మ బుట్టలోని సీసాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. పోయిన వారం ఇచ్చినవి పదకొండు. అందులో తొమ్మిది నిండుగానే ఉన్నాయి.

"ఏంటి తబితా ఇది? ఒక్క చుక్క తాగలేదు. ఆరు నెలలుగా ఇదే వరస. ఈ వానకాలం ఆ ఊళ్లో నలుగురు పోయారు. మందు లేక కాదు, గూట్లో పెట్టుకుని పోయారు." ఆమె కుర్చీలో కూలబడింది. కొంగు బురదతో బరువెక్కి ఉంది. "వచ్చే నెల నుంచి బండి బోరబండకు వద్దు. తాగేవాళ్లున్న ఊరికి పోదాం."

తబిత తల్లిది బోరబండే. తబిత పుట్టింది కూడా అక్కడే, మంత్రసాని మంగవ్వ చేతుల్లో. బండి ఆగితే ఆ ఊరికి మందన్నది ఇక ఉండదు. జ్వరంతో వణికే మనిషి అంత దూరం రాళ్లలో నడిచి పంజాగుట్టకు రాలేడు.

"గాట్లు కనబడ్తలేవేమో అమ్మా. చదువు లేనోళ్లు. ఈసారి పెద్దగ పెడ్త."

ఆ వారం గాట్లు లోతుగా కోసి, అంచులకు ఎర్రమన్ను పూసింది. మూడు గజాల దూరం నుంచి కూడా కనిపిస్తాయి. పై మంగళవారం సీసాలు మళ్లీ నిండుగానే తిరిగొచ్చాయి. ఒకదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు కూడా పెట్టి ఉంది.

"తాగరు గానీ పూజ చేస్తాండారు," అని నవ్వాడు చిన్నప్ప. "వచ్చే వారం కొబ్బరికాయ కూడా కొడతారు."

తబిత నవ్వలేదు. బొట్టు పెట్టారంటే మందంటే లెక్కలేక కాదు. గాటు తప్పు కాదు, కన్ను తప్పు కాదు. మరి తప్పు ఎక్కడుంది? కూర్చుని అనుకుంటే తెలిసేది కాదని గురువారం సెలవడిగి, చెప్పులు చేతబట్టుకుని ఒక్కతే బోరబండ దారి పట్టింది.

మంగవ్వ గుడిసె ముందు కూర్చుని కుంకుడుకాయలు పగలగొడుతోంది. చూపు మందగించి చాలా ఏళ్లయింది. రాయి దెబ్బ మాత్రం తప్పడం లేదు.

"తబితవా? కాలు ఈడ్సే సప్పుడు వింటనే అనుకున్న. నీ తల్లి సుత గిట్లనే ఈడ్సేది. కూసో బిడ్డా."

"కూసునుడు తర్వాత అవ్వా. మందు ఎందుకు తాగుతలేరు?"

"ఎవలు తాగుతలేరు? తాగుతం. దాని యాళ్ల రావాలె గద."

మంగవ్వ లేచి పక్క గుడిసెలోకి తీసుకుపోయింది. లోపల ఓదెలు గొంగడి కప్పుకుని పడుకుని ఉన్నాడు. రాళ్లు కొట్టే మనిషి, పెద్ద భుజాలు. ఇప్పుడు పళ్లు టకటకలాడుతున్నాయి. గూట్లో సీసా ఉంది. దాని కింద ఉతికిన గుడ్డ పరిచి ఉంది.

"ఎన్ని దినాలాయె జరమొచ్చి?"

"ఐదు దినాలు," అంది మంగవ్వ.

"మంగళారం ఇచ్చిన సీసాల ఒక్క గాటు దిగలే."

"ఎట్ల దిగుతది? అన్నం తినలే గద."

తబితకు అర్థం కాలేదు.

"అన్నం తిన్నంక తాగాలె అని బండెనుక నిలబడి నువ్వే ఒర్లితివి గద," అంది మంగవ్వ, పిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా. "జరమొచ్చినోనికి అన్నం ఎట్ల పెడ్తం? తొమ్మిది దినాలు లంఖణం. పదోనాడు పత్తెం పెట్టినంక మందు మొదలు. గంతల మీ డాక్టరమ్మ మంగళారమొచ్చి నిండు సీసా గుంజుకపోతది. ఇచ్చుడెందుకు, గుంజుకునుడెందుకు అని మేం మొత్తుకుంటున్నం."

తబిత గోడకు ఆనుకుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే తనకూ ఇదే ఊళ్లో, ఇదే మంగవ్వ లంఖణం పెట్టించింది. ఆకలికి ఏడుస్తుంటే తడిగుడ్డ నోట్లో పెట్టింది. అదంతా ఒంటికి తెలుసు. అయినా ఆరేళ్లు దవాఖాన మాట పలికి పలికి, ఆ మాట ఈ గుడిసెలోకి వచ్చేసరికి ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించలేదు. చెప్పిన మాటను వీళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. నలుగురు పోయింది అలాగే.

"ఉత్త కడుపుల తాగితే కక్కొస్తదని డాక్టరమ్మ గట్ల చెప్పింది అవ్వా. మందు మాత్రం మొదటి దినమే పడాలె." తబిత అడిగింది. "గంజి అన్నమేనా?"

ఊళ్లో ఎవరు ఏం తినాలో, ఎన్నాళ్లు తినకూడదో చెప్పేది మంగవ్వే. నలభై ఏళ్లుగా ఆ మాటకు తిరుగు లేదు. ఇప్పుడు తూచి చెప్పకపోతే రేపు అందరూ అడుగుతారు.

"మెతుకు పడితే అన్నం," అంది చివరికి. "మెతుకు లేకుంటే నీళ్ల కిందికే లెక్క."

"ఉప్పు?"

"చిటికెడు నడుస్తది. బట్టల వడగట్టాలె. ఒక్క మెతుకు పడ్డా లంఖణం చెడ్డట్టే."

"గది తాగి మందు తాగొచ్చునా?"

"తాగొచ్చు."

"మీ పంచాయితి తెగేదాంక నేనుంటనా?" అన్నాడు ఓదెలు గొంగడి లోపల నుంచి.

తబిత ఆ పూటే గంజి కాయించింది. మంగవ్వ తన చేత్తో వడగట్టి, గుడ్డను వేళ్లతో తడిమి మెతుకు లేదని చూసుకుంది. ఓదెలు గంజి తాగాడు. ఆ పైన మొదటి గాటు దాకా మందు తాగి, చేదుకు మొహం చిట్లించి, మంగవ్వ పెనిమిటి తాతముత్తాతలను అందరినీ తలచుకున్నాడు.

మర్నాడు పొద్దున తబిత డాక్టరమ్మకు ఉన్నదంతా చెప్పింది.

"గంజి మీద ఇస్తే కడుపు తట్టుకుంటుంది," అంది జీవమణి. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆరు నెలలు తబితా. వాళ్లు ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"మనం అడగలే అమ్మా. ఒర్లింది నేను. తప్పు నాదే."

"ఆ మాటలు నీకు చెప్పింది నేను."

"మీది రాజమండ్రి దిక్కు. నాది బోరబండ. నాకు తెలవాలె."

డాక్టరమ్మ కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "రెండు మంగళవారాలు చూద్దాం," అంది.

ఆ మంగళవారం బండి వెనక నిలబడి తబిత కొత్త మాట పలికింది. "గంజి తాగినంక. మెతుకు లేని గంజి. మంగవ్వనడుగున్రి." అడిగినవాళ్లకల్లా మంగవ్వ తల ఊపింది.

ఆ పై మంగళవారానికి పన్నెండు సీసాల్లో పది ఖాళీగా వచ్చాయి. డాక్టరమ్మ ఒకదాన్ని తిరగేసి చూసింది. ఇంతకుముందు నిండు సీసాలు చూసి విసిగింది, ఇప్పుడు ఖాళీ సీసాలను నమ్మలేకపోతోంది.

"పారబోయలేదని ఏంటి నమ్మకం?"

ఓదెలు బండి పక్కనే నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కాడు కానీ కాళ్ల మీద నిలబడ్డాడు. "మందు మంచిగనే ఉన్నది గని డాక్టరమ్మా, చెవుల్ల తుమ్మెద జొర్రింది. నాలుగు దినాల సంది జుమ్ముమంటున్నది. గది సుత తీస్తరా?"

జీవమణి మొహం విప్పారింది. క్వినైను ఒంటికి పడితే చెవులు అలాగే మోగుతాయి. పారబోసినవాడి చెవిలో తుమ్మెద దూరదు.

"అది దానంతట అదే పోతుందయ్యా," అంది. బండివాడి వైపు తిరిగి, "వచ్చే మంగళవారం కూడా ఇక్కడికే," అని చెప్పింది.

మంగవ్వ అక్కడితో వదల్లేదు. "జరం మంగళారం చూసుకుని వస్తదా అమ్మా? బుధారం వస్తే ఆరు దినాలు ఏం చేయాలె? నాలుగు సీసాలు నా దగ్గర ఉండనియ్యున్రి."

జీవమణి ఒప్పుకోలేదు. మంగవ్వకు కన్ను సరిగా కనబడదు. మోతాదు ఎక్కువైతే ముప్పు. తిరిగొచ్చే దారంతా బండి చక్రాల వైపు చూస్తూ కూర్చున్న తబిత, అమీర్‌పేట దగ్గర దిగేటప్పుడు అడిగింది. "వేలికి తెలిసేటట్టు చేస్తే ఇస్తరా అమ్మా?"

"ముందు చేసి చూపించు."

తండ్రి దగ్గర మిగిలిన పల్చటి మేకతోలు తెచ్చుకుంది. కాగితమైతే గుడిసె చెమ్మకు ఊడిపోతుంది, గాటు వేలికి తగలదు. తోలు నిలుస్తుంది. చెప్పుల కత్తి సానబెట్టి పట్టీలు కోసింది. పొద్దుటి మోతాదుకు కోడిముక్కులా మొనదేలిన గాటు. మధ్యాహ్నానికి చదరపు గాటు. సాయంత్రానికి ప్రమిదలా గుండ్రటి గాటు. రెండు రోజుల మందుకు అదే వరస రెండుసార్లు. ఆరోదానికి గాటు పెట్టడానికి చోటు లేదు కనుక పట్టీ కొసనే గుండ్రంగా కోసింది. మొదటి మూడు పట్టీలు సీసాకు సరిగా కూర్చోలేదు. పారేసి మళ్లీ కోసింది.

"మందు సీసాలకు చెప్పులు తొడుగుతాండావా?" అన్నాడు చిన్నప్ప.

"అవునన్నా. బోరబండ దాంక నడవాలె గద."

సాయంత్రం వెళ్లేటప్పుడు చిన్నప్ప సబ్బుల పార్శిలు వచ్చిన చెక్కపెట్టె ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తబిత దానికి అడ్డంగా పలకలు కొట్టి నాలుగు గళ్లు చేసింది. సీసాలు ఒకదానికొకటి తగలకుండా అడుగున గడ్డి పరిచింది. మూత బిగించడానికి తోలు బందు వేసింది. డాక్టరమ్మ కళ్లు మూసుకుని నాలుగు సీసాలూ తడిమింది. ఒక్కచోటా తప్పలేదు.

మంగళవారం బోరబండలో తబిత పెట్టెను మంగవ్వ ముందు దించి మూత తీసింది. మంగవ్వ ఒక సీసా ఒళ్లో పెట్టుకుని, చూపుడువేలు పట్టీ మీద పైనుంచి జార్చింది. వేలు ఆగిన చోటల్లా పెదవులు కదిలాయి.

"పొద్దుగాల. పగటాల. పొద్దుగూకినంక." వేలు కిందికి దిగింది. "మల్ల పొద్దుగాల. పగటాల." కొస దగ్గర ఆగి, గుండ్రటి అంచు చుట్టూ తిప్పింది. "పొద్దుగూకినంక. అయిపాయె."

"కడుపుతోని ఉన్నోళ్లకు?" అడిగింది తబిత.

"డాక్టరమ్మ చూడంది ఇయ్య."

"ఎప్పుడు తాగిపియ్యాలె?"

"నన్నే పరీక్ష చేస్తవా? నీ బొడ్డు కోసింది నేనే," అంది మంగవ్వ. అన్నాక జవాబు కూడా చెప్పింది. "గంజి తాగినంక."

తబిత మూత వేసి, తోలు బందు బిగించి, పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఆమె ఒళ్లో పెట్టింది.