లస్మయ్య దగ్గర ఆగిన పేజీ

సూరత్ మొత్తంలో ఇంటర్నెట్‌ను మరమగ్గం మీద నేసినవాడు మా తాత నర్సింగం ఒక్కడే. కాదనేవాళ్లు సూరత్‌లోని మా బమ్రోలి పేటకు వచ్చి నాతో మాట్లాడవచ్చు. నేను తొమ్మిదో తరగతి తప్పినదాన్నే గానీ వాదనలో తప్పను.

ముప్పై ఏళ్లు మగ్గాలు నడిపి, మగ్గంలో చెయ్యి నలిగాక తాత రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణం ఆర్డర్ల వెబ్ పేజీ చూసే పనిలో చేరాడు. వెబ్ పేజీలు రాసే పీహెచ్‌పీ భాషను రెండు వేళ్లతో కొడుతూ నేర్చాడు. ఆయన పట్టుకున్న చిన్న ఫ్రేమ్‌వర్క్ పేజీ చూపించడం తప్ప ఏమీ చేయదు. మిగతాదంతా ఆయనే ఒక్కో పనికి ఒక్కో ముక్కగా, మాడ్యూళ్లుగా తగిలించాడు. ఏదైనా జరిగితే పేజీ కేక వేస్తుంది, విన్న మాడ్యూల్ కదులుతుంది. మా ఇల్లూ అంతే. అవ్వ కేక వేస్తుంది, తాత కదులుతాడు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి, తెలంగాణ నుంచి పనికొచ్చిన మనవాళ్లు తిండికి అల్లాడారు. కాజీపేటకు ఒక్క రైలు వేస్తామన్నారు అధికారులు. ముందు రోజు మధ్యాహ్నం మూడింటిలోగా పేర్లు ఇవ్వాలి. తాత తన పేజీని అందుకు మార్చాడు. పేరు చేరగానే ఒక మాడ్యూల్ సీటు రాస్తుంది, ఇంకొకటి మెసేజ్ పంపుతుంది. మెసేజ్ వస్తేనే సీటు ఖాయమని అందరికీ చెప్పాడు.

ఆ రోజు పదకొండింటికి పేజీ బిగుసుకుపోయింది. లస్మయ్య అనే మగ్గం పనివాడు పక్కవాళ్ల ఫోన్‌లో పేరు రాయించాడు, కానీ అతను ఇచ్చిన సొంత నంబరు రీచార్జి లేక ఎప్పుడో రద్దయింది. మెసేజ్ పోలేదు, దాంతో అన్నీ ఆగాయి. అలా రాసింది తాతే. పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆగాలన్నది ఆయన చేతికి పట్టిన అలవాటు. లస్మయ్య వెనుక రెండు వందల మంది ఆగిపోయారు.

ఆ మెసేజ్ మాడ్యూల్ పీకేయమన్నాను. వినలేదు. లస్మయ్యకు కొత్త నంబరేమైనా ఉందేమోనని తాత రెండింటిదాకా ఫోన్లు చేశాడు. కడుపుతో ఉన్న ఒకామె మా గడపలో కూర్చుని తన పేరు వచ్చిందా అని అడుగుతూనే ఉంది. చివరికి తాత కోడ్‌లో ఒక్క వరుస మార్చాడు. తప్పిన మాడ్యూల్ పక్కకు పోయింది, మిగతావి నడిచాయి. గడువుకు పది నిమిషాల ముందు జాబితా అధికారులకు వెళ్లింది. అందులో లస్మయ్యవాళ్లవి నాలుగు సీట్లు.

చెప్పడానికి తాతే లస్మయ్య గదికి నడిచి వెళ్లాడు. గదికి తాళం. మెసేజ్ రాలేదు కాబట్టి సీటు లేదనుకుని, ఒంటిగంటకే పెళ్లాం బిడ్డలతో ఊరికి నడక మొదలుపెట్టాడట. తాత హైవే దాకా వెతికి వచ్చాడు. మరునాడు ఆ నాలుగు సీట్లు ఖాళీగానే రైలు వెళ్లిపోయింది. వాళ్ల జాడ ఇప్పటికీ తెలియదు.

తాత అన్నం ముట్టడం మానేస్తే నవ్వించబోయాను. "రెండు వందల మందిని ఇంటికి తోలినవు గద తాతా."

"ఆ ముచ్చట లస్మయ్య బిడ్డలకు చెప్పు, పో."