విత్తులు ఏరే వీరసామి

తమిళసీమలో కోవిల్‌పట్టికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, నల్లరేగడి పల్లెలో, వీరసామికి ఆరెకరాల మెట్ట ఉంది. వానొస్తే పంట, రాకపోతే బీడు. వరుసగా మూడేళ్ళు మొక్కజొన్న సుడులను కత్తెర పురుగు తినేశాక, నాలుగో ఏడు మడక పట్టి దున్నడానికి అతనికి మనసు రాలేదు. అప్పటికి ముప్పైతొమ్మిదేళ్ళు. భార్య కార్తీశ్వరికి దూరపు చుట్టం ఒకతను తూత్తుకుడిలో ఓడలకు పనివాళ్ళను పంపే ఏజెంటు. అతను వీరసామిని ఒక పర్యాటకుల ఓడలో బట్టలుతికే పనికి చేర్చాడు. ఏడాది తిరిగేసరికి, 2022 నవంబరులో, కంపెనీవాళ్ళు అతన్ని అంటార్కిటికాకు వెళ్ళే చిన్న ఓడకు మార్చారు.

ఆ ఓడ దక్షిణ అమెరికా కొసన ఉన్న ఒక రేవు నుంచి బయలుదేరుతుంది. రెండు రోజులు పెద్ద కెరటాల మీద పోతే మంచుదేశం వస్తుంది. యాత్రికులు వందమందికి పైగా ఉంటారు. ఎర్ర కోట్లు తొడుక్కుని, రబ్బరు పడవల్లో ఒడ్డుకు వెళ్ళి, పెంగ్విన్లను చూసి, కొండ ఎక్కి దిగి వస్తారు. వాళ్ళు దిగే ముందు ప్రతివాళ్ళ బట్టలూ బూట్లూ చూడాలి. బయటి నేల విత్తు ఒక్కటి కూడా అక్కడ రాలకూడదు. రాలితే మొలవవచ్చు, మొలిస్తే ఆ చోటు పాడవుతుంది. అందుకని ఓడ అడుగు అంతస్తులోని బూట్ల గదిలో ఒక మనిషిని పెట్టారు. ఆ మనిషి వీరసామి.

పని కష్టం కాదు. జేబులు తిరగేసి వాక్యూమ్ పెట్టి పీల్చాలి. అంటుకునే పట్టీల్లో, సాక్సుల అల్లికలో ఇరుక్కున్న గడ్డి గింజల్ని సన్నటి పట్టుకారుతో ఏరి సీసాలో వేయాలి. బూట్ల అరికాళ్ళు మందునీళ్ళలో తోమాలి. విత్తడం నేర్చిన చేతులతో విత్తులు ఏరుతున్నానని మొదటి వారంలోనే అతనికి తోచింది. కానీ ఆ మాట చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. పనివాళ్ళలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, కొందరు ఇండోనేషియా వాళ్ళు. వీరసామికి వచ్చిన ఇంగ్లీషు అవునూ, కాదూ, థాంక్యూ వరకే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడి పెరిగిన మనిషికి అక్కడ రెండూ అక్కరకు రాలేదు. బూట్లు తోముతూ తనలో తానే మాట్లాడుకునేవాడు.

రెండో సీజన్లో హైదరాబాదు దంపతులు ఎక్కారు. వాళ్ళ మాట చెవిన పడగానే అతని చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"మీరు తెలుగోళ్ళా? మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడేది. మాది కోవిల్‌పట్టి పక్కన పల్లె. మీరు యాడుండి వస్తిరి?" అన్నాడు, మాట తడబడుతుంటే.

ఆవిడ భర్త వైపు చూసి నవ్వింది. "తమిళంలా ఉంది కదండీ?" అని, వీరసామితో ఇంగ్లీషులో నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడింది. వీరసామి థాంక్యూ అన్నాడు. ఆ పదిరోజులూ వాళ్ళ బూట్లు అందరికంటే శుభ్రంగా తోమాడు. మళ్ళీ పలకరించలేదు.

మంచుకొండ అంచు విరిగి నీళ్ళలో పడితే దిక్కులదిరే చప్పుడవుతుంది. పై అంతస్తులో యాత్రికులు చప్పట్లు కొడతారు. కార్తీశ్వరి పుట్టిల్లు ఏళాయిరంపన్నై. టపాకాయలు చేసే ఆ ఊళ్ళో పెద్ద చప్పుడు వినబడితే ఎవరూ చప్పట్లు కొట్టరు. మనవాళ్ళు ఎవరెవరు పనికి వెళ్ళారని వెతుక్కుంటూ పరుగెత్తుతారు. మూడు సీజన్లయినా ఆ చప్పుడుకు వీరసామి గుండె కుదుటపడలేదు.

పనివాళ్ళు కూడా సీజనుకు ఒకసారి నేల మీద దిగవచ్చు. గాలి లేని రోజు చూసి ముప్పైమందిని ఒక గంట ఒడ్డుకు తీసుకెళతారు. మొదటి సీజన్లో ఆ రోజు సముద్రం పొంగింది. రెండోసారి వీరసామికి డ్యూటీ పడింది. మూడోసారి, 2025 జనవరి చివర్లో, పేరు వచ్చింది. అతని గదిలో ఉండే రొడెల్ అనే వంటవాడి పేరు కూడా వచ్చింది. రొడెల్ ఆ వారమంతా పాటలు పాడుతూనే ఉన్నాడు.

ముందురోజు వీరసామి ముప్పైమంది టోపీలు, చేతి తొడుగులు పరీక్ష చేసి ఒక పెద్ద బుట్టలో వేశాడు. చివరికి తన ఉన్ని టోపీ కూడా అందులో పడేశాడు. నాదే గదా అనుకున్నాడు, చూడలేదు.

మర్నాడు ఉదయం పడవ దించుతున్నారు. అందరూ కోట్లు తొడుక్కుని వరుసలో నిలబడ్డారు. వీరసామి టోపీ పెట్టుకోగానే చెవి వెనక ఏదో గుచ్చుకుంది. తీసి చూశాడు. అల్లికలో రెండు ఉత్తరేణి గింజలు. ఎక్కడివో అతనికి వెంటనే తెలిసింది. బయలుదేరే ముందు, అక్టోబరు వానల్లో, ఆ టోపీ పెట్టుకునే చేని గట్టున కలుపు కోశాడు.

ఎవరూ చూడలేదు. రెండు గింజలూ సీసాలో వేసి పడవ ఎక్కవచ్చు. కానీ టోపీ రాత్రంతా అందరి టోపీలతో ఒకే బుట్టలో ఉంది. రెండుంటే నాలుగుంటాయి. ఉత్తరేణి ఒక దగ్గర ఆగే రకం కాదని రైతుకు ఒకరు చెప్పాలా? అతను వరుస దాటి వెళ్ళి, అరచేయి చాపి, యాత్రా నాయకురాలికి గింజలు చూపించాడు. ఆమె నార్వే మనిషి. ఒక్క క్షణం చూసి, పడవ ఆపమని చెయ్యి ఎత్తింది.

అందరివీ మళ్ళీ చూశారు. గంటన్నర పట్టింది. రొడెల్ చేతి తొడుగులో ఇంకో గింజ దొరికింది. చివరి కోటు చూసేసరికి గాలి లేచింది, పడవ దించడం కుదరదన్నారు. ఆ సీజన్లో పనివాళ్ళకు ఇంకో రోజు లేదు.

సాయంత్రం నాయకురాలు అందరినీ పిలిచి, వీరసామి నిజాయితీని మెచ్చుకుంది. ఎవరూ కదల్లేదు. అతను తలెత్తలేదు.

అప్పటి నుంచి అతను భోజనాల బల్ల దగ్గర కూర్చుంటే పక్కవాళ్ళు ప్లేట్లు తీసుకుని లేచేవారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు. రొడెల్ గదిలో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఏడు వారాలు అలాగే గడిచాయి. ఫోను కలిసినప్పుడు కార్తీశ్వరి, "ఏం మామా, గొంతు అట్లుండాది? ఒళ్ళు బాగలేదా?" అని అడిగేది. "సలి. వేరేమీ లే," అనేవాడు.

మార్చిలో ఓడ దిగే రోజున రొడెల్ పెట్టె కట్టుకుంటూ, వీరసామికి అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. వాళ్ళమ్మకు ఎనభై ఏళ్ళు. మంచు మీద నిలబడిన కొడుకు ఫోటో కావాలని అడిగింది. తెస్తానని మాటిచ్చాడు. "నువ్వు తప్పు చేశావని అనను. మంచి పని చేశావని మాత్రం నన్ను అనమనకు," అన్నాడు. వీరసామి అతని పెట్టె మోయబోయాడు. రొడెల్ వద్దని తానే మోసుకెళ్ళాడు.

ఊళ్ళో అందరూ పెంగ్విన్ల సంగతే అడిగారు. చాలా ఉన్నాయని చెప్పాడు. మంచు మీద నడిచావా అని టీ కొట్టులో ఎవరో అడిగితే టీ గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాడు.

జూన్‌లో అతని మోకాలి నొప్పికి వైద్యుడిని చూడడానికి భార్యాభర్తలిద్దరూ విరుదునగర్ వెళ్ళారు. తిరుగు రైలు గంట ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని ఉండగా, ఎందుకో అప్పుడే, ఆ సంగతంతా భార్యకు చెప్పేశాడు. కార్తీశ్వరి పట్టాల వైపు చూస్తూ వింది.

"నువ్వు సేసింది సరే మామా," అంది చివరికి. "ఐనా ఆ అమ్మ పావం. ఫోటో కోసరం కాసుకోనుండింటుంది గదా."

"ఆ."

"ఓడోళ్ళు మల్లా పిలిస్తే పోతువా?"

"పోతా. ఈడ మాత్రం ఎవురుతో మాట్లాడుతుండాను?"

ఆ మాట అనేశాక ఆమె మొహం చూశాడు. ఆమె చేతిసంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి అతనికిచ్చింది. అతను తాగాడు. మదురై వైపు నుంచి బండి వస్తోందని మైకులో తమిళంలో చెప్పారు. ఇద్దరూ లేచారు.