ప్రెస్సు ఎంపిక నాది, నింద స్వరూపది

పోలీసు శాఖ ఆయుధాగారంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి, ఆర్మరర్ సబ్-ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మరుసటి ఏడు, జూన్ మొదటి సోమవారం నాడు నేను జూబ్లీహిల్స్‌లోని ఒక రైఫిల్ క్లబ్బులో తూటాల గదికి బాధ్యుడిగా చేరాను. ఆర్మరర్ అంటే తుపాకి కాల్చేవాడు కాదు. దాన్ని విప్పి, తుడిచి, బాగుచేసి, పనికొస్తుందని సంతకం పెట్టేవాడు. క్లబ్బు ప్రెసిడెంటు రాజుగారు ఒకప్పుడు సినిమాలు తీసిన భీమవరం మనిషి. ఆయన ఇంటి వెనక, లైసెన్సూ అనుమతులూ ఉన్న ఒక గదిలో మా పని. కాల్చే రేంజి మాత్రం ఊరికి దూరంగా, గుట్టల మధ్య ఉండేది.

మధురానగర్‌లో మా ఇంటి నుంచి పొద్దున్నే స్కూటరు మీద బయలుదేరి, ఫిల్మ్‌నగర్‌లో ఇడ్లీ బండి దగ్గర ఆగేవాణ్ణి. జూనియర్ ఆర్టిస్టులు అప్పటికే ముఖాలకు రంగు వేసుకుని కంపెనీ వ్యాను కోసం నిలబడి ఉండేవాళ్లు. ఒక రోజు నా పక్కన నిలబడి పోలీసు యూనిఫాంలో ఇడ్లీ తింటున్న ఒక ఆర్టిస్టు నడుముకి బెల్టు తప్పుగా ఉందని సరిచేశాను. అలవాటు పోదు కదా! ఆ పొద్దులు ఇప్పుడు తలుచుకుంటే ఎంత బావుండేవో అనిపిస్తుంది.

నాకు అప్పగించిన మొదటి పని రీలోడింగ్ ప్రెస్సు ఎంపిక. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త తుపాకిమందూ బుల్లెట్టూ పెట్టి తూటా చేయడమే రీలోడింగ్. అందుకు వాడే చేతి యంత్రం ప్రెస్సు. మూడు వందల మీటర్ల పోటీలో కొన్న తూటాలు అన్ని రైఫిళ్లకూ ఒకేలా నప్పవు. పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు తమ రైఫిలుకు సరిపోయేలా చేయించుకుంటారు.

ప్రెస్సుల్లో నా ముందున్నవి రెండు రకాలు. ఒకటి సింగిల్ స్టేజి. మందపాటి ఇనుప చట్రం, ఒక పిడి. పిడి ఒకసారి లాగితే ఒక గొట్టానికి ఒకే పని జరుగుతుంది. మందును విడిగా త్రాసులో తూచి, ఒక్కొక్క గొట్టంలో పోసుకోవాలి. ఓపిక ఉన్నవాడి యంత్రం. రెండోది ప్రోగ్రెసివ్. అడుగున పళ్లెం తిరుగుతూ ఉంటుంది, పిడి లాగినప్పుడల్లా నాలుగు పనులు ఒకేసారి అయిపోయి ఒక తూటా బయటికి వస్తుంది. మందును అది తూచదు. ఒక చిన్న గిన్నె నింపి పోసినట్టు, పరిమాణం చూసి పోస్తుంది. పుల్లల్లాంటి పొడుగు పలుకుల మందైతే, మేం వాడేది అదే, ఆ గిన్నెలో ఒకసారి కూరుకుని, ఒకసారి వదులుగా పడుతుంది.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే ప్రోగ్రెసివ్‌కి సంతకం పెట్టాను. రాజుగారికి ఆ తిరిగే పళ్లెం మహా ముచ్చటగా ఉంది, ఇంటికొచ్చిన వాళ్లకి చూపించుకోవచ్చు. కానీ నెపం ఆయన మీద వేయను. ముప్ఫై ఏళ్లు ఒక్కొక్క తుపాకీని చేత్తో రుద్ది తుడిచిన నా భుజాలు నొప్పెడుతున్నాయి, ఆ యంత్రం వేగం చూసి నాకూ మోజు పుట్టింది. తయారైన తూటాల పొడుగు పదింటికి ఒకటి చొప్పున కొలిచి, లోపలి మందు తూచకుండానే, బాగుందని రిజిస్టరులో రాశాను.

ఆ తూటాలు కాల్చాల్సిన మనిషి స్వరూప. రహమత్ నగర్‌లో పుట్టి పెరిగింది, శ్రీనగర్ కాలనీలో కాపురం, ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ పని. తెలుగు రాని ఒక హీరోయిన్‌కి అప్పటికి రెండు సినిమాల్లో గొంతు ఇచ్చింది. ఆ హీరోయిన్ మాటంటే జనానికి స్వరూప గొంతే. ఆదివారాలు రైఫిలు పట్టేది. రాష్ట్ర జట్టు ఎంపిక ఆ నవంబరులో ఉంది. వయసు ముప్ఫై ఆరు దాటింది, ఇదే చివరి ప్రయత్నమని ఇంట్లో చెప్పి వచ్చింది.

ఆగస్టులో ఆమె గుళ్లు చెదరడం మొదలైంది. కుడి ఎడమలకు కాదు, నిలువుగా. ఒకటి పైన, ఒకటి కింద. ఊపిరి పీలుస్తూ కాల్చేవాళ్లకు సరిగ్గా అలాగే పడతాయి. మందు హెచ్చుతగ్గులుంటే కూడా అలాగే పడతాయి. ఈ రెండో మాట నాకు తట్టలేదని అంటే అబద్ధం. తట్టింది, పక్కన పెట్టాను.

దానికొక కారణం ఉంది, సాకు అనుకున్నా సరే. పోలీసు శాఖలో తూటాలు ఫ్యాక్టరీ నుంచి సీలు వేసిన పెట్టెల్లో, లాట్ నంబరుతో వస్తాయి. వాటిని ఎవరూ శంకించరు. కానిస్టేబులు గురి తప్పాడని ఫిర్యాదు వస్తే రిపోర్టులో మేము రాసే మాట ఒక్కటే: శిక్షణ లోపం. అలాంటి రిపోర్టులు నేను వందల్లో రాసి ఉంటాను. తూటాకు తప్పు ఉండదు, మనిషికే ఉంటుందని నా చేయి నేర్చుకుంది. ఇక్కడ ఆ తూటా చేసింది ఫ్యాక్టరీ కాదు, నేనే అన్నది మరిచాను.

స్వరూపను కూర్చోబెట్టి, డబ్బింగులో అరుపులూ ఏడుపులూ ఎక్కువై నీ ఊపిరి లయ తప్పిందని చెప్పాను. ఎంపిక అయ్యేదాకా ఆ పని మానుకోమన్నాను. ఆమె “మానేస్తె గురి నిలబడతదంటరా సార్?” అని మాత్రం అడిగింది. నిలబడుతుందన్నాను.

సరిగ్గా ఆ వారమే ఆ హీరోయిన్ మూడో సినిమా డబ్బింగు మొదలవ్వాలి. ఎంపిక అయ్యేదాకా ఆగమని స్వరూప అడిగితే, సంక్రాంతికి విడుదల ఉందని వాళ్లు ఆగలేదు. వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు రాజుగారు చెప్పారు. ఆటంటే అంత పట్టుదల ఉండాలి అని నేను మెచ్చుకున్నాను కూడా.

అక్టోబరులో ఆమె రైఫిలు ట్రిగ్గరు మార్చాల్సి వచ్చింది. ట్రిగ్గరు మారిస్తే రైఫిలును ఇనుప చట్రంలో బిగించి, పది గుళ్లు కాల్చి చూడాలన్నది ఆర్మరర్ల పద్ధతి. రేంజిలో బిగించి, నేను చేసిన తూటాలే పెట్టి, దూరం నుంచి తాడు లాగి కాల్చాను. గురి అట్ట తెప్పించి చూస్తే పది రంధ్రాలూ నిలువుగా బారు తీరి ఉన్నాయి. చట్రానికి ఊపిరి లేదు కదా.

అదే మధ్యాహ్నం తూటాల గదికి వచ్చి, మిగిలిన తూటాల్లో ఇరవై విప్పి, మందు తూచాను. ఒకదానికొకటి పొంతన లేదు. రేంజి గాలి, ట్రిగ్గరు, స్వరూప, ఎవరినీ అనడానికి లేదు. నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో పడనంత సిగ్గు ఆ త్రాసు ముందు పడ్డాను. రాజుగారికి ఫోను చేసి ఆ యంత్రం తీసేస్తున్నానని చెప్పాను. “ఏవండీ, దాన్ని మీరే ఎంచారు కదండీ” అన్నారాయన. అవునన్నాను.

మర్నాడు ఫిల్మ్‌నగర్‌లో ఆమె పనిచేసే డబ్బింగ్ థియేటరుకు వెళ్లాను. ఒక సీరియల్‌లో అరుపులూ ఏడుపులూ లేని అత్త పాత్రకు చెబుతోంది, ఇల్లు గడవడానికి దొరికింది అదే. భోజనాల వేళ వేడినీళ్ల సీసా పట్టుకుని బయటికి వచ్చింది. నిలబడే చెప్పాను: తప్పు మందుది, ఆ మందు పోసిన యంత్రానిది, యంత్రం ఎంచినవాడిది, అంటే నాది.

ఆమె కోప్పడుతుందని సిద్ధపడి వెళ్లాను. కోప్పడలేదు. సీసా మూత బిగించి, నెమ్మదిగా అంది:

“నా ఊపిరి సంగతి నాకు ఎరికలేదా సార్? పదహారేండ్ల సంది గదే అమ్ముకొని బతుకుతున్న. మీరు చెప్పిండ్రంటె నిజమే ఉంటదనుకున్న.”

 రికార్డింగుకు పిలుస్తూ లోపల ఎర్ర దీపం వెలిగింది, ఆమె వెళ్లిపోయింది.

సింగిల్ స్టేజి ప్రెస్సు వారంలో తెప్పించాను. ఆమె ఎంపికకు కావాల్సిన తూటాలన్నీ ఒక్కొక్కటీ మందు తూచి, నా చేత్తోనే చేశాను. భుజం నొప్పి అలాగే ఉంది, మందుబిళ్ల వేసుకున్నాను. నవంబరులో స్వరూప జట్టులో ఆఖరి స్థానానికి ఎంపికైంది. రేంజిలో నా దగ్గరికి వచ్చి, తూటాలు మంచిగున్నయ్ సార్ అని చెప్పి వెళ్లింది. ఆ హీరోయిన్ సినిమా సంక్రాంతికి కాక వేసవిలో వచ్చింది. నేను చూశాను. ఆ కొత్త గొంతు జనానికి నచ్చింది, ఆ తర్వాతి సినిమాలకూ అదే ఉండిపోయింది.

క్లబ్బులో మరో నాలుగేళ్లు పనిచేశాను. గుళ్లు చెదిరాయని ఎవరైనా వస్తే పాటించాల్సిన క్రమం ఒకటి రాసి గోడకు అంటించాను: ముందు తూటా విప్పి తూచాలి, తర్వాత రైఫిలు బిగించి కాల్చాలి, ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని తేలాకే కాల్చినవారిని అడగాలి. ఈ క్రమం నాకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే నేర్పారు. నేను దాన్ని తిరగేసి పట్టుకున్నందుకు మూల్యం చెల్లించింది నేను కాదు, స్వరూప.