నాయన స్పీకరుకు అతికించిన కాగితాలు

మా చిన్నప్పుడు ధర్మవరంలో, మగ్గం పక్క గూట్లో ఒక చెక్కపెట్టె స్పీకరు ఉండేది... వైరుతో టేపురికార్డరుకు కలిపింది. నేను ఆరో తరగతిలో ఉండగా దాని ముందున్న గుడ్డలోంచి వేలు పెట్టి పొడిచాను. లోపలి కాగితం చినిగి, పాటంతా గర్రుమని రావడం మొదలైంది.

నాయన తిట్టలేదు. మరలు విప్పాడు. చీర మడతల్లో పెట్టే పల్చటి కాగితాన్ని గోరంత చించి, బంకలో నీళ్లు కలిపి, చినుగు వెనకవైపు అతికించాడు. తెగిన పట్టుపోగును ముడివేసే వేళ్లు కదా... అతుకే కనిపించలేదు.

"బంక మందంగా పూస్తే గొంతు మూగబోతాది పాపా" అన్నాడు. ఒక పూట ఆరనిచ్చి పెడితే, పాట మునుపటిలాగే పలికింది.

ఏడాది తిరిగేసరికి నాయన మళ్లీ స్పీకరు విప్పాడు. "గర్రుమంటాంది. యాడో చినిగింటాది."

ఎక్కడా చినగలేదు. అయినా ఒక కాగితం అతికించాడు. తర్వాతి నెల ఇంకొకటి... ఆ పై నెల మరొకటి...

"ఎట్లుండాది పాపా?" అని ప్రతిసారీ నన్నే అడిగేవాడు.

తగ్గుతున్నవి నాయన చెవులని అమ్మకూ నాకూ తెలుసు. నాలుగుసార్లు పిలిస్తే గాని పలికేవాడు కాదు.

"చెప్తే కుంగిపోతాడే. బాగుండాదను" అంది అమ్మ. అట్లాగే అన్నాను... ఏడాది పొడుగునా.

చివరికి స్పీకరును సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, పెనుకొండ మీదుగా హిందూపురం బస్సెక్కాడు. రిపేరు షాపాయన విప్పి చూసి నవ్వాడు.

"ఏమప్పా, ఇన్ని దుప్పట్లు కప్పినావే! దీనికేమన్నా చలిజ్వరమా?"

మొదటి అతుకు మాత్రం ఉంచి, మిగతా కాగితాలన్నీ మెల్లగా తడిపి ఊడదీశాడు. పాట పెట్టాడు. షాపంతా ఖంగుమంది. దారిన పోయేవాళ్లు తిరిగి చూశారు.

నాయన నావైపు వంగి, "ఇంగా గర్రుమంటాంది కదా పాపా?" అన్నాడు.

ఈసారి బాగుందంటే అబద్ధం కాదు. కానీ చెప్పబోయి ఏడ్చేశాను. నాయన నన్ను చూశాడు, షాపాయనను చూశాడు. స్పీకరును మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సు పెనుకొండ దాటాక అన్నాడు... "ఎన్నాళ్ల నుంచి తెలుసు మీకు?"

చెవులు చూసిన డాక్టరు, ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే వినికిడి మందులతోనే నిలిచేదన్నాడు.

ఇప్పుడు స్పీకరు కాగితం అతికించేవాళ్లు లేరు. పాడైతే కొత్తది వస్తుంది... మీ ఇంట్లోనూ, బాధపడతారని ఎవరి దగ్గరైనా దాచిన మాట ఉందా? నాకు చెప్పకపోయినా పర్వాలేదు... ఆ మనిషి ఇంకా ఉంటే, వాళ్లకు చెప్పండి.