పంక్తిలో సువార్త కంచం

పందొమ్మిది వందల ఎనభై నాలుగు. చిలకలూరిపేట పక్కన ఒక పిల్లల హోంలో వంట నాది. పత్తి కాలమంతా మిల్లుల నుంచి దూది నూగు మా వసారాలోకి తేలివచ్చేది. మధ్యాహ్నపు ఎండలో, దిగాలా వద్దా అన్నట్టు గాలిలోనే ఆగి ఉండేది. చూస్తూ నిలబడితే పొయ్యి మీద కూర సంగతి కూడా మరిచిపోయేదాన్ని.

మా హోంకి ఒక విజిటర్ ఉండేవారు. పిల్లల్ని సరిగా చూస్తున్నారా లేదా అని కనిపెట్టి పైవాళ్లకు చెప్పే ఆవిడన్నమాట. మా విజిటరమ్మ గారు ఆఫీసు గదిలో కూర్చునే రకం కాదు. భోజనాల వేళకు వచ్చి, పంక్తి వెంట నడుస్తూ, పేరు చెక్కిన ప్రతి కంచం దగ్గరా ఆగి ఆ పిల్లను పలకరించేవారు. పద్దెనిమిది నిండి వెళ్లిపోయిన పిల్ల కంచం మీది పేరు గీకేసి, కొత్తగా వచ్చినవాళ్లకి ఇచ్చేదాన్ని. స్టీలు ఊరికే రాదు కదా.

ఆ ఏడు సువార్తకు పద్దెనిమిది నిండాయి. నా అన్నవాళ్లు లేని పిల్ల. జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తిలోంచి గింజ తీసేచోట, పనికి కుదిరి అక్కడే గదిలో ఉండేది. ఆదివారాలు వచ్చి నా చేత చీవాట్లు తిని పోయేది. ఉన్నట్టుండి రావడం మానేసింది. దగ్గుతో తీసుకుంటోందనీ, మేస్త్రీ ఆసుపత్రికి కూడా పోనివ్వడం లేదనీ ఆ మిల్లు కూలీ ఒకామె చెప్పింది.

విజిటరమ్మ గారు రాగానే ఆ మాట ఆవిడ చెవిన వేశాను.

"పద్దెనిమిది దాటినవాళ్ల గురించి అడిగే అధికారం నాకు లేదు ఆదెమ్మా," అన్నారు దిగులుగా.

పంక్తి వేసి, గీకుదామని పక్కన పెట్టిన సువార్త కంచం కూడా అందులో పెట్టి, అన్నం వడ్డించాను. మెతుకు పారేస్తే వీపు చీరేసే నేను ఖాళీ పీట ముందు వడ్డిస్తుంటే పిల్లలు నోళ్లు తెరిచారు. విజిటరమ్మ గారు ఒక్కొక్కరినే పలకరిస్తూ వచ్చి అక్కడ ఆగారు. దూది నూగొకటి వచ్చి ఆ అన్నం మీద వాలింది. ఆవిడ వంగి కంచం మీది పేరు చదివారు.

"ఈ పిల్లేదీ?" అన్నారు.

"మిల్లులో ఉందండీ."

"అయితే పద. అన్నం చల్లారిపోతోంది."

రిక్షాలో వెళ్లాం. మిల్లు లోపలంతా మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. మనుషులు నీడల్లా కదులుతున్నారు. మేస్త్రీ అడ్డంగా నిలబడ్డాడు.

"మైనారిటీ తీరిన మనిషండీ అది. అడగడానికి మీరేమవుతారు?"

విజిటరమ్మ గారు నావైపు చూశారు.

"దాని కంచం ఇంకా మా పంక్తిలోనే ఉందిరా అబ్బాయ్. అన్నం పెట్టేదాన్ని, అడగనా?" అన్నాను.

"అమ్మో, ఈ మామ్మ నోటి ముందు మా మిషన్లు ఏపాటి!" అంటూ పక్కకు జరిగాడు.

ఆ తెలుపులోంచి ఒక ముసలామె దగ్గుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చాక తెలిసింది, జుట్టంతా దూది పట్టిన సువార్త.

"పెద్దమ్మా, నా కంచం గీకెయ్యలేదా?"

"నోర్మూసుకుని రిక్షా ఎక్కు."

ఆసుపత్రిలో చూపించాక నెమ్మదిగా తేరుకుంది. మళ్లీ ఆ మిల్లు గడప తొక్కలేదు. పద్దెనిమిది దాటినవాళ్ల బాగోగులు కూడా చూడనివ్వమని విజిటరమ్మ గారు పైవాళ్లను అడిగారు. వాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. ఆవిడ మాత్రం బదులు కోసం ఆగలేదు. ఖాళీ కంచం కనిపిస్తే ఆగి, ఆ పిల్ల ఎక్కడుందో అడిగి, కనుక్కునే వెళ్లేవారు. పిల్లకు పద్దెనిమిది నిండిన రోజే అడిగే దిక్కు పోకూడదని నాకు తెలిసొచ్చింది. ఆ తర్వాత నేను ఒక్క పేరూ గీకలేదు; వెళ్లిపోయినవాళ్ల కంచాలూ పంక్తిలోనే పెట్టేదాన్ని. కొత్త పిల్లలకి కొత్త కంచాలే కొనాల్సి వచ్చింది. ఆ ఒక్క ఖర్చుకు మాత్రం నేను సణగలేదు.