కత్తెర పట్టే చెయ్యి

టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరు ముప్ఫై ఏళ్ళుగా ఒకే మాట మీద బతికాడు: "కదలకండి." కొలత తీస్తుంటే ఎవరైనా గట్టిగా ఊపిరి పీల్చినా ఆయన మొహం మాడిపోయేది. అలాంటి మనిషికి కడుపునొప్పి వచ్చి, స్కానింగ్ గదిలో అదే మాట ఎదురైంది.

ఎడం చేతికి నరం దొరక్క కుడి మోచేతి దగ్గర సూది గుచ్చారు. "మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడెక్కుతుంది. కంగారుపడకండి, కదలకండి" అని చెప్పి టెక్నీషియన్ అద్దం వెనక్కి వెళ్ళిపోయాడు. వేడి వచ్చిన మాట నిజమే. కానీ ఒళ్ళంతా కాదు, ఆ మోచెయ్యి ఒక్కటే నిప్పులు పోసినట్టు మండింది. ఇదేనా ఆ వేడి? మిగతా ఒంటికి ఇంకా రావాలా? అరిస్తే ఫిల్ము పాడవుతుందేమో? ఎటూ తేల్చుకోలేక పళ్ళు బిగబట్టి పడుకున్నాడు మహానుభావుడు.

బయటికి తీసేసరికి చెయ్యి దిండులా ఉబ్బింది.

"అంత మండుతుంటే చెప్పాలి కదండీ!" అన్నాడు టెక్నీషియన్.

"వేడెక్కుతుందని మీరే కదా అన్నారు!"

తప్పెవరిదో ఇద్దరికీ అంతుపట్టలేదు.

"మందు నరంలోకి పోకుండా చర్మం కింద చేరింది" అంది డాక్టరమ్మ. "చాలామందికి తగ్గిపోతుంది. చెయ్యి ఎత్తి పెట్టుకుని ఐసు పెట్టండి. వేళ్ళు మొద్దుబారితే మాత్రం ఆగకుండా వచ్చేయండి."

ఇంటికి రాగానే భార్య ఆయన బొటనవేలు గిల్లింది. "తెలుస్తోందా?"

"ఏమో."

"ఏమో ఏంటండీ! అవునో కాదో చెప్పండి."

ఏం చెప్తాడు పాపం? కత్తెర ఒరుసుకుని ఆ బొటనవేలు ఎప్పుడో కాయ కాచింది. స్పర్శ ఇవాళ పోయిందో, పదేళ్ళ కిందటే పోయిందో ఆయనకే తెలియదు. ఆ చెయ్యి పోతే తనకి ఇంకో పని రాదు. ఉన్నపళంగా ఇద్దరూ మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ బొటనవేలు చూసి, "కాయ కాచిన చోట ఏం తెలుస్తుందండీ" అంటూ చిటికెనవేలు పట్టుకుని సన్నటి సూదితో పొడిచింది.

"అబ్బా!" అని ఎగిరిపడ్డాడు మాస్టరు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నొప్పి అని అరవగా భార్య వినడం ఇదే మొదలు. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి.

"అమ్మా, మీకు పుణ్యం ఉంటుంది. పక్క వేలు కూడా ఒక్కసారి గుచ్చండి" అంది.